పెద్దవాళ్ళ డే కేర్ సెంటర్ రివ్యూ: మామ్మ సంగతి సరే, అత్తయ్యకి ఏం ఒరిగింది?

మా ఆయన వాళ్ళ నాయనమ్మని పగలు ఉంచే డే కేర్ సెంటర్ గురించి రాస్తున్నా. ఆవిణ్ణి మేమందరం మామ్మ అనే పిలుస్తాం, 87 ఏళ్ళు, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) ఉంది, అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టి ఏడాది దాటింది. సెంటర్ పేరు రాయట్లేదు, మంచీ చెడూ రెండూ చెప్పబోతున్నా కాబట్టి, పైగా మీకు దగ్గర్లో ఉండేది ఎలాగూ వేరే సెంటర్ అయ్యుంటుంది. రేటింగ్ కావాలంటే 5కి 4. ఆ ఒక్కటి ఎక్కడ తగ్గించానో కింద ఉంటుంది.

ఇలాంటి చోట్ల గురించి ఎవరు రాసినా గదులు శుభ్రంగా ఉన్నాయా, స్టాఫ్ మర్యాదగా మాట్లాడుతున్నారా, టీవీ ఉందా, అవే రాస్తారు. అవీ కావాలి, కాదనను. కానీ నేను మొదట చూసేది ఇంకోటి, ఆ పెద్దావిడ అక్కడ ఉన్న గంటల్లో ఇంట్లో ఆవిణ్ణి చూసుకునే మనిషికి నిజంగా తెరిపి దొరికిందా లేదా అని. అది దొరక్కపోతే బిల్డింగ్ ఎంత బాగున్నా నా లెక్కలో ఆ సర్వీస్ సగమే పనిచేసినట్టు.

మా ఇంట్లో ఆ మనిషి మా అత్తయ్య. ఆవిడకే 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బీపీ టాబ్లెట్లు. పొద్దున్నే మామ్మని లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్ళడం, స్నానం, మందులు, ఈ మధ్యలోనే మా పిల్లలిద్దర్నీ రెడీ చేసి స్కూల్‌కి పంపడం, మధ్యాహ్నం చిన్నోడు వచ్చేసరికి మళ్ళీ మామ్మ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోకుండా కాపలా, సాయంత్రం హోంవర్కు. నేనూ మా ఆయనా ఆఫీసుల్లో. మావయ్య మార్కెట్టు, బ్యాంకు, హాస్పిటల్ పనులు చూస్తారు, కానీ వాళ్ళమ్మకి బట్టలు మార్చాలన్నా ఒళ్ళు తుడవాలన్నా అది అత్తయ్య పనే అని ఎవరూ చెప్పకుండానే ఖాయమైపోయింది. అంటే ఒక నాయనమ్మకి సేవ చేస్తున్నది ఇంకో నాయనమ్మ. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు, మనుషుల ఆయుష్షు పెరిగిందిగా, 60 దాటిన ఆడవాళ్ళకి పైన 80, 90ల్లో అమ్మో అత్తగారో ఉంటున్నారు, కింద మనవలు ఉంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద 5.7 కోట్ల మందికి డిమెన్షియా ఉంది, వాళ్ళని చూసుకోవడానికి ఖర్చయ్యే గంటల్లో 70 శాతం ఆడవాళ్ళవే. ఇంట్లోవాళ్ళు సగటున రోజుకి 5 గంటలు పెడుతున్నారని కూడా అదే సంస్థ చెప్తుంది. అత్తయ్యకి రోజుకి 5 గంటలు అంటే తేలికరోజు కింద లెక్క.

ఇక సెంటర్ విషయానికి వస్తే, పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా, వారానికి అయిదు రోజులు. మేము మూడు రోజులు తీసుకున్నాం. వాళ్ళ వ్యానే వస్తుంది, వెనక ర్యాంప్ ఉంది, డ్రైవర్‌తో పాటు ఒక అటెండెంట్ ఉంటుంది. చేరక ముందు ఒక నర్సు, ఒక సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి రెండు గంటలు కూర్చున్నారు, మామ్మ ఏం పని చేసేవారు, ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, ఏ చెవి బాగా వినిపిస్తుంది, దేనికి భయపడతారు, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నప్పుడు మొహంలో ఏం తేడా కనిపిస్తుంది, ఇవన్నీ అడిగి రాసుకున్నారు. ఆ చివరి ప్రశ్నకి ఇంట్లో జవాబు తెలిసింది అత్తయ్యకి ఒక్కదానికే. కొంగు వేలికి చుట్టుకోవడం మొదలుపెడతారట, అది చూసిన రెండు మూడు నిమిషాల్లో తీసుకెళ్ళిపోవాలి. ఇంతమందిమి ఒకే ఇంట్లో ఉంటున్నాం, మాకెవరికీ తెలీదు. అత్తయ్య దగ్గరున్న ఈ జ్ఞానం ఎంతటిదో ఆ రోజు అందరికీ కనిపించింది. సెంటర్‌వాళ్ళు దాన్ని ఫైల్లో మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసి పెట్టుకున్నారు, ఇది నాకు చాలా నచ్చింది.

మొదటి వారాలు బాగా కష్టంగా గడిచాయి, దాచను. వ్యాన్ ఎక్కనని ఏడవడం, ఎక్కాక సీటు పట్టుకుని దిగనని కూర్చోవడం, ఇంటికొచ్చాక "నన్ను ఎక్కడికి పంపేస్తున్నావే కోడలా" అని అత్తయ్యని నిలదీయడం. అత్తయ్య ఆ మాటకి కుంగిపోయింది, మానేద్దాం అమ్మాయ్ నేనే చూసుకుంటాలే అంది. అప్పుడు సోషల్ వర్కర్ ఒక ఉపాయం చెప్పింది, వ్యాన్ వచ్చే టైమ్‌కి అత్తయ్య గుమ్మంలో ఉండొద్దు, మావయ్య వచ్చి ఎక్కించాలి అని. ఎందుకంటే డిమెన్షియా ఉన్నవాళ్ళు రోజంతా ఎవరిని పట్టుకుని ఉంటారో వాళ్ళని వదలడమే కష్టం. మావయ్య చెయ్యి పట్టుకుని, "అమ్మా, నేనూ అటే వస్తున్నా పద" అని వ్యాన్‌లో పక్కన కూర్చుని వెళ్ళారు కొన్నాళ్ళు. తర్వాత అవసరం పడలేదు. ఇప్పుడు వ్యాన్ హారన్ వినపడగానే కర్ర వెతుక్కుంటారు.

అక్కడ రోజు ఎలా గడుస్తుందో నేను సెలవు పెట్టి వెళ్ళి చూశా. పెద్దగా హంగులేం లేవు. పాటలు, బట్టలు మడతపెట్టడం, మొక్కలకి నీళ్ళు పొయ్యడం, కుర్చీలో కూర్చునే చేతులు కాళ్ళు ఆడించే వ్యాయామాలు. నాకు బాగా నచ్చిందేంటంటే స్టాఫ్ ఎవరూ "నేనెవరో చెప్పండి చూద్దాం, ఈ రోజు ఏ వారం" అని పరీక్షలు పెట్టరు. మనం ఇంట్లో తెలీకుండా అదే చేస్తాం, వచ్చిన చుట్టాలైతే మరీను, గుర్తుపట్టారా గుర్తుపట్టారా అని. పాపం ఆ మనిషి తెలీక సిగ్గుపడి ముడుచుకుపోతారు. అక్కడైతే దగ్గరికొచ్చి వాళ్ళే తమ పేరు చెప్పి, ఇప్పుడేం చేద్దామో చెప్పి చెయ్యి అందిస్తారు. బాత్రూమ్‌కి ఆవిడ అడిగేదాకా ఆగకుండా రెండు గంటలకోసారి వాళ్ళే తీసుకెళ్తారు, నీళ్ళు కూడా గుర్తుపెట్టుకుని తాగిస్తారు. మాట వరసకి చెప్తున్నా అనుకోకండి, ఒకసారి మామ్మ ఒక్కరోజులోనే మరీ మత్తుగా, మాటలు బాగా తడబడుతూ కనిపిస్తే మేము జబ్బు ముదిరింది అనుకుని దిగులుపడ్డాం. అక్కడి నర్సు మాత్రం డిమెన్షియా మామూలుగా ఇలా ఒక్కరోజులో దిగజారదు, ఉన్నట్టుండి తేడా వస్తే ఇన్ఫెక్షనో, ఒంట్లో నీళ్ళు తగ్గడమో, మందుల తేడానో చూడాలి, ముందు యూరిన్ టెస్ట్ చేయించండి అంది. ఇన్ఫెక్షనే. కోర్సు వాడాక మళ్ళీ మామూలైపోయారు. ఒక మంచి నర్సు ఉండడం ఎంత అవసరమో దీంతో తెలిసింది, సెంటర్ చూడ్డానికి వెళ్తే నర్సు రోజంతా ఉంటుందా లేక పిలిస్తే వస్తుందా అని తప్పకుండా అడగండి.

అత్తయ్యకి ఏం మారిందంటే, మొదటిది కంటి ఆపరేషన్. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు, డాక్టరు ఎప్పుడో చేయించుకోమన్నా వాయిదా వేస్తూ వచ్చింది, ఎందుకంటే ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు వంగకూడదు, బరువులు ఎత్తకూడదు, కంట్లో నీళ్ళు పడకూడదు. మామ్మని మంచం మీంచి లేపి నిలబెట్టే మనిషి వంగకుండా ఎలా ఉంటుంది? చిన్నోణ్ణి ఎత్తుకోకుండా ఎలా ఉంటుంది? అందుకే మసక చూపుతోనే మెట్లు ఎక్కుతూ దిగుతూ, మామ్మ టాబ్లెట్లు రంగుని బట్టి గుర్తుపడుతూ నెట్టుకొచ్చింది. చూసుకునేవాళ్ళు తమ ఆరోగ్యాన్ని వాయిదా వేస్తారని అందరం అంటాంగానీ, ఆ వాయిదా వల్ల అవతలి మనిషికి తప్పు మాత్ర పడే ప్రమాదం కూడా ఉందని ఇక్కడే అర్థమైంది. సెంటర్‌వాళ్ళు ఆ వారాలకి అయిదు రోజులూ తీసుకున్నారు, పొద్దున పూట లేపడం, స్నానం మావయ్యకి దగ్గరుండి నేర్పించారు, నడుముకి బెల్టు కట్టి పట్టుకోవడం, చెయ్యి పట్టి లాగకూడదు అనడం, కాళ్ళు నేల మీద ఆనాకే లేపడం. 70 ఏళ్ళ మావయ్య వాళ్ళమ్మకి స్నానం చేయించడం నేర్చుకున్నారు. నాకు చేతకాదు అన్న మనిషే ఇప్పుడు వారంలో రెండు రోజులు ఎవరూ అడక్కుండా చేస్తున్నారు.

రెండోది ఇంకా ముఖ్యం. సోషల్ వర్కర్ అత్తయ్యకి జారిట్ అని ఒక ప్రశ్నల పత్రం ఇచ్చింది, చూసుకునేవాళ్ళ మీద ఎంత బరువు పడుతుందో కొలవడానికి చాలా దేశాల్లో వాడతారు, 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 88కి. మీకంటూ టైమ్ మిగలట్లేదు అనిపిస్తుందా అనే అర్థంలో ఒక ప్రశ్న ఉంది. అత్తయ్య చాలాసేపు ఆలోచించి "ఎప్పుడూ అలా అనుకోలేదమ్మా, అనుకోవాలా?" అని అడిగింది. ఆ అమ్మాయి వెంటనే ఏ నంబరూ వెయ్యకుండా, పోనీ చివరిసారి మీకోసం బయటికి ఎప్పుడు వెళ్ళారు అని అడిగి, మళ్ళీ మొదట్నుంచి నెమ్మదిగా చేయించింది. మొదటిసారికీ ఆర్నెల్ల తర్వాతకీ స్కోరు బాగా తగ్గింది. ఇలా చూసుకునేవాళ్ళని కూడా అడిగే సెంటర్ అరుదు, వాళ్ళ ఫైల్లో అత్తయ్యకీ ఒక పేజీ ఉంది, దీనికే నేను రెండు స్టార్లు ఇచ్చేస్తా.

ఇక్కడొక సంగతి, సెంటర్‌కి సంబంధం లేనిది, కానీ సర్వీస్ తీసుకునే ప్రతి ఇంట్లో వస్తుంది. ఇంట్లో మామ్మ లేని గంటలు కనపడగానే అవి ఎవరివో అన్నట్టు పంపకాలు మొదలయ్యాయి. మా ఆడపడుచు "అమ్మ ఇప్పుడు ఖాళీయేగా" అని తన చంటిదాన్ని ఆ మూడు రోజులు మా ఇంట్లో వదులుతానంది. తనదీ ఇబ్బందే, ఉద్యోగంలో మళ్ళీ చేరాలి, నమ్మకంగా చంటిపిల్లని ఎక్కడ వదలాలి, తప్పు పట్టట్లేదు. అత్తయ్య కాదనదు, మనవరాలంటే ప్రాణం. కానీ అలా ఒప్పుకుంటే మామ్మ కోసం డబ్బులు కట్టి కొన్న గంటలు ఇంకో బిడ్డ పెంపకంలోకి వెళ్ళిపోతాయి, అత్తయ్య మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మనవలతో ఉండడం పెద్దవాళ్ళకి మంచిదే కదా అని ఆడపడుచు అంది. మంచిదే, కానీ ఎంతవరకు? ఆస్ట్రేలియాలో 57 నుంచి 68 ఏళ్ళ ఆడవాళ్ళ మీద చేసిన స్టడీ ఒకటి 2014లో వచ్చింది, వారానికి ఒకరోజు మనవల్ని చూసుకునేవాళ్ళు జ్ఞాపకశక్తి, చురుకుదనం పరీక్షల్లో బాగా చేశారు, అదే వారానికి 5 రోజులు, అంతకు మించి చూసుకునేవాళ్ళు ఒక పరీక్షలో బాగా వెనకపడ్డారు. బెర్లిన్‌లో 70 దాటిన 500 మందికి పైగా పెద్దవాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తే మనవల్ని అప్పుడప్పుడు చూసుకునేవాళ్ళు ఎక్కువ కాలం బతికారని తేలింది, కానీ ఆ లెక్కలో పిల్లల బాధ్యత పూర్తిగా మీద పడ్డవాళ్ళు లేరు. ఇవన్నీ ఆడపడుచుకి అక్షరం అక్షరం చెప్పలేదులెండి, మా ఆయనే చెల్లెలికి ఫోన్ చేసి వారానికి ఒక్క రోజు మాత్రం తీసుకురా, మిగతాది వేరే ఏర్పాటు చూసుకుందాం, ఖర్చులో నేనూ వేస్తా అన్నాడు. కూతురితో ఆ మాట కోడలు చెప్తే వేరేలా ఉండేది, కొడుకు చెప్పాడు కాబట్టి ఒక్క ఫోన్‌తో తేలిపోయింది. ఇలాంటి మాటలు ఎవరి నోటి నుంచి రావాలో కూడా ఇంట్లో ముందే అనుకుంటే మంచిది.

మిగిలిన రెండు రోజుల్లో అత్తయ్య ఒకరోజు మోకాళ్ళకి ఫిజియోథెరపీకి వెళ్తుంది. ఇంకో రోజు ఎక్కడికి వెళ్తుందో మేము అడగం. ఒక్కోసారి పడుకుంటుంది, మూడు గంటలు ఒళ్ళు తెలీకుండా నిద్రపోతుంది.

స్టార్ ఎందుకు తగ్గించానంటే, ముందు ఫారం గురించి. చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో ప్రధానంగా చూసుకునేవారు అని ఒకే ఒక్క గీత ఉంది. మేము మా ఆయన పేరు, నంబర్ రాశాం, పగలు ఫోన్ ఎత్తగలిగేది తనే కాబట్టి. అయినా డైపర్లు అయిపోయాయన్నా, కళ్ళజోడు మర్చిపోయారన్నా, జ్వరంగా ఉందన్నా ఫోన్ వచ్చేది అత్తయ్యకే. అత్తయ్య ఫిజియో టేబుల్ మీద పడుకుని ఫోన్ ఎత్తి సమాధానం చెప్పుకుంటుంటే ఇంక తెరిపి ఎక్కడిది? అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి, "ఆవిడకైతే అన్నీ తెలుసు కదండీ, సార్‌కి చేస్తే మళ్ళీ ఆవిణ్ణే అడిగి చెప్తారు" అంది. అబద్ధం కాదు, కానీ సార్‌కి ఎప్పటికీ ఫోన్ చెయ్యకపోతే సార్‌కి ఎప్పటికీ తెలీదు. రెండుసార్లు మాటల్లో చెప్పాం, మారలేదు, చివరికి మేనేజర్‌కి రాతపూర్వకంగా ఇస్తే ఫారం మార్చారు, ఇప్పుడు మూడు నంబర్లు, ఏ రోజు ఎవరికి చెయ్యాలో పక్కన రాసి ఉంటుంది. మార్చినందుకు మెచ్చుకోవాలి, కానీ అన్నాళ్ళు పట్టాల్సింది కాదు.

రెండోది టైమింగ్. సాయంత్రం 5కి వ్యాన్‌లో దింపేస్తారు, ఇంట్లో అప్పగించుకోవడానికి మనిషి ఉండాలి. ఆఫీసు నుంచి ఎవరు 5కి ఇంటికి చేరతారు? అంటే ఈ సర్వీస్ నడవాలంటే ఇంట్లో ఒక మనిషి సాయంత్రానికల్లా ఉన్నట్టే అని వాళ్ళు ముందే అనుకున్నారన్నమాట. పైగా డిమెన్షియా ఉన్నవాళ్ళకి సాయంత్రం పూటే అలజడి ఎక్కువ, వెలుగు తగ్గేకొద్దీ కంగారు, మా ఇంటికి పోతానని లేచి తిరగడం. సరిగ్గా ఆ కష్టమైన గంటల్లోనే, పిల్లలు కూడా స్కూల్ నుంచి వచ్చి ఆకలీ హోంవర్కూ అని గోల చేసే గంటల్లోనే మనిషిని ఇంటికి తెచ్చి వదులుతారు. మేము సర్దుకున్నది ఎలాగంటే, ఆ మూడు రోజుల్లో ఒకరోజు మా ఆయన, ఒకరోజు నేను తొందరగా వస్తున్నాం, ఇంకోరోజు మావయ్య. ఇంటికి రాగానే అన్ని లైట్లూ వేసేసి, టీవీ ఆపేసి, మామ్మకి మడతపెట్టడానికి తువ్వాళ్ళు ఇస్తే ఒక గంట నెమ్మదిగా ఉంటారు. ఇది సెంటర్‌వాళ్ళు చెప్పిందే.

మూడోది, చూసుకునేవాళ్ళ కోసం నెలనెలా ట్రైనింగ్ క్లాసు పెడతారు, చాలా బాగుంటుంది, కానీ వారం మధ్యలో పొద్దున 11కి. ఆ టైమ్‌కి ఎవరొస్తారు, ఉద్యోగం లేని కోడళ్ళూ, అత్తయ్యలూ. నేను వెళ్ళిన రోజు అందరూ ఆడవాళ్ళే. ఎలా లేపాలో ఎలా కూర్చోబెట్టాలో మళ్ళీ మళ్ళీ వాళ్ళే నేర్చుకుంటుంటే మగవాళ్ళకి ఎప్పుడు వస్తుంది? ఆదివారం ఒక్కటి పెట్టినా చాలు. అందాకా ప్రపంచ ఆరోగ్య సంస్థది ఐసపోర్ట్ (iSupport) అని డిమెన్షియా చూసుకునేవాళ్ళ కోసం ఉచిత పాఠాలు ఉన్నాయి, మొత్తం 23, అందులో 3 పాఠాలు చూసుకునేవాళ్ళు తమని తాము చూసుకోవడం గురించే. మా ఆయన రాత్రిపూట కూర్చుని అవి చదివాడు.

స్టాఫ్ గురించి కూడా చెప్పాలి. మామ్మ బాగా దగ్గరైన అటెండెంట్ ఒకమ్మాయి మధ్యలో మానేసింది. పనిలో తేడా కాదు, ఆ అమ్మాయి పిల్లల్ని చూసేది వాళ్ళమ్మ, ఆవిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, ఇంక పిల్లలకీ తల్లికీ ఇంట్లో తనే దిక్కు. మా అత్తయ్యకి తెరిపినిచ్చిన మనిషి వెనక కూడా ఒక అమ్మమ్మ ఉందన్నమాట, ఆవిడ పడిపోయిన రోజు ఇక్కడ మా ఏర్పాటు కూడా కదిలిపోయింది. మామ్మ కొన్ని వారాలు ఆ అమ్మాయి కోసం తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు. సెంటర్ ఆ అమ్మాయికి కొన్నాళ్ళు జీతంతో సెలవో, సగం పూట పనో ఇచ్చి ఉంటే నిలబడేదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, అడిగితే అలాంటి రూలు లేదన్నారు. మనుషుల్ని చూసుకోవడమే వ్యాపారంగా ఉన్న చోట, అక్కడ పనిచేసే వాళ్ళ ఇంట్లో ముసలివాళ్ళకి ఏమైనా అయితే సెలవు లేకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. తగ్గించిన స్టార్‌లో పెద్ద వాటా దీనిదే.

కొన్ని దేశాల్లో ఇవన్నీ ఇంటి గుట్టులా వదిలెయ్యకుండా చట్టంలోకి తెచ్చారు. జపాన్‌లో 2000 నుంచి వృద్ధుల సంరక్షణకి ప్రత్యేక ఇన్సూరెన్స్ ఉంది, ఇలాంటి డే కేర్ అందులోనే వస్తుంది. స్వీడన్‌లో 2024 జులై నుంచి తల్లిదండ్రులు తమ పేరెంటల్ లీవ్‌లో (పిల్లల్ని చూసుకోవడానికి ఇచ్చే సెలవు) భత్యం వచ్చే రోజులు కొన్ని తాతలకో నానమ్మలకో కూడా బదిలీ చెయ్యొచ్చు. బ్రిటన్‌లో పెన్షన్ వయసు రాని అమ్మమ్మ, తాతయ్యలు 12 ఏళ్ళ లోపు మనవల్ని చూసుకుంటే అది వాళ్ళ పెన్షన్ లెక్కలో జమ అయ్యే పద్ధతి 2011 నుంచి ఉంది. అత్తయ్యకి ఈ బ్రిటన్ సంగతి చెప్తే నమ్మలేదు, మనవల్ని చూసినందుకు లెక్క కడతారా అని రెండుసార్లు అడిగింది.

ఎవరికి పనికొస్తుందంటే, పట్టుకుంటే నడవగలిగినవాళ్ళు, కూర్చోగలిగినవాళ్ళు ఉన్న ఇళ్ళకి. పూర్తిగా మంచాన పడినవాళ్ళకి రోజూ వ్యాన్ ప్రయాణం హింస, వాళ్ళకి ఇంటికొచ్చే అటెండెంటే మేలు. మరీ ముదిరేదాకా ఆగి చేర్పించకండి, కొత్త చోటుకి అలవాటు పడే ఓపిక కొంత మిగిలి ఉన్నప్పుడే మొదలుపెడితే సులువు. చూడ్డానికి వెళ్ళేటప్పుడు కొడుకులు, మావయ్యలు కూడా వెళ్ళాలి, ఫారంలో నంబర్లు వాళ్ళవి కూడా పడాలి. చూసుకునే మనిషికి ఒంట్లో బాలేకపోతే ఆ వారం ఎక్కువ రోజులు తీసుకుంటారా అని అడగండి, మాకు కంటి ఆపరేషన్ టైమ్‌లో ఆ ఒక్క వెసులుబాటే కాపాడింది.

మేము కొనసాగిస్తున్నాం, మూడు రోజులు నాలుగు చేద్దామా అని ఆలోచన కూడా ఉంది. సాయంత్రం 7 దాకా ఉంచమని పది ఇళ్ళవాళ్ళం కలిసి సంతకాలు పెట్టి ఇచ్చాం, అందులో మగవాళ్ళ సంతకాలు కూడా ఉండాలని మావయ్యే ఇల్లిల్లూ తిరిగారు. సిబ్బంది షిఫ్టులు కుదిరితే చేస్తామన్నారు, ఆ షిఫ్టులు అటెండెంట్లకి కూడా కుదరాలని, ఇంట్లోవాళ్ళ జబ్బులకి వాళ్ళకి సెలవులు ఇవ్వాలని కూడా అదే కాయితంలో రాశాం. జవాబు ఇంకా రాలేదు.